మినియాపొలిస్ చలికాలంలో నడిచి ఆఫీసుకు వెళ్ళవచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. నా వయసు 29. ఆగస్టులో ఉద్యోగం మీద మినియాపొలిస్ వచ్చాను. మావారు డాలస్‌లో పని చేస్తున్నారు, ఆయన ఇక్కడికి మారేదాకా నేను ఒక్కదాన్నే ఉండాలి. కారు కొనలేదు, డ్రైవింగ్ పరీక్ష కూడా ఇంకా కాలేదు. విటియర్‌లో అద్దెకుంటున్నాను. డౌన్‌టౌన్‌లో ఉన్న ఆఫీసుకు నికొలెట్ ఎవెన్యూ మీదుగా రెండున్నర కిలోమీటర్లు. అక్టోబరు దాకా రోజూ హాయిగా నడిచి వెళ్ళాను. ఇప్పుడు రెండు స్వెటర్లు, వాటి మీద లావు కోటు వేసుకుని వెళ్తే ఆఫీసు చేరేసరికి లోపల చెమటతో తడిసిపోతున్నాను, వేళ్ళు మాత్రం మొద్దుబారుతున్నాయి. పోయిన వారం ఫ్రీవే మీద వంతెన దాటుతూ జారి పడ్డాను, మోచేయి దోక్కుపోయింది. నడక మానేయమని అమ్మ రోజూ ఫోనులో చెబుతోంది, మానకపోతే మంకీ క్యాప్ అయినా పెట్టుకోమంటోంది. ఆఫీసులో వాళ్ళు బస్సెక్కమంటున్నారు. రోజు మొత్తంలో నాకంటూ దొరికే సమయం ఆ నడకే కనుక వదులుకోవాలని లేదు. కొనసాగించవచ్చా? ఏం కొనుక్కోవాలి? ఇంకో చిన్న సంగతి: బూట్లలో మెట్టెలు నొక్కుకుంటున్నాయి. తీసేస్తే అత్తగారు ఏమనుకుంటారోనని సంకోచంగా ఉంది.

సమాధానం: నడక మానుకోనక్కర్లేదు. మీ దూరానికి, మీ వయసుకు, మీ ఇష్టానికి అది తగిన పనే. అయితే చలికాలం మొత్తంలో కొన్ని రోజులు మాత్రం మొహమాటం లేకుండా బస్సెక్కాలి, ఆ రోజులేవో ముందు రాత్రే తేల్చుకోవాలి. పొద్దున్నే బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాక ఆలోచిస్తే మనసు ఎప్పుడూ ‘ఈ ఒక్కరోజుకీ వెళ్ళిపోదాం’ అనే అంటుంది. నేను ఈ ఊరు వచ్చి ఇరవై మూడేళ్ళయింది. అందులో మొదటి నాలుగు చలికాలాలు కారు లేకుండానే గడిపాను కనుక, ఇక్కడ రాసేవాటిలో చాలామటుకు పడి నేర్చుకున్నవే. ఆ ‘పడి’ అనే మాటను ఉన్నదున్నట్టుగానే తీసుకోండి.

మీ ఉత్తరంలో నా దృష్టి మోచేతి దెబ్బకంటే ముందు చెమట మీద పడింది. కొత్తగా వచ్చినవాళ్ళందరం చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. గుమ్మంలో నిలబడినప్పుడు వెచ్చగా ఉండేటట్టు బట్టలు వేసుకుంటున్నారు. నిలబడినవారికి సరిపోయే బట్ట, చురుగ్గా నడిచేవారికి ఎక్కువవుతుంది. పది నిమిషాలు నడిచేసరికి ఒంట్లో వేడి పుట్టి, లోపలి నూలు బట్ట తడిసి, లావు కోటు కింద ఆ తడి ఆరే దారి లేక ఒంటికి అతుక్కుపోతుంది. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగగానే ఆ తడే చల్లబడి వీపును పట్టుకుంటుంది. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి, తడిసిన మనిషికి ఎంత లావు కోటున్నా చలి ఆగదు. ఇక్కడి పాతకాపులు పాటించే కొలత ఒకటుంది: ఇంట్లోంచి బయటపడేటప్పుడు కొంచెం వణుకుగా ఉండాలి, రెండు వీధులు దాటేసరికి సరిపోవాలి. గుమ్మంలోనే సుఖంగా ఉంటే ఒక పొర తీసేసి బయల్దేరండి.

పొరలంటే మూడు చాలు. ఒంటిని ఆనుకుని పల్చని ఉన్నితోనో పాలియెస్టర్‌తోనో చేసిన థర్మల్, దాని మీద ఒక ఫ్లీస్ (మెత్తని బొచ్చులా ఉండే తేలికపాటి పై చొక్కా) గానీ మీ రెండు స్వెటర్లలో పల్చనిది ఒకటి గానీ, ఆ పైన గాలిని చొరనివ్వకుండా తొడల దాకా దిగే జాకెట్. మొదటిదీ చివరిదీ రోజూ అవే ఉంటాయి, వాతావరణాన్ని బట్టి మార్చవలసింది నడిమి పొరను మాత్రమే. నడుస్తుండగా వేడెక్కితే టోపీ తీయకుండా మెడ దగ్గర జిప్పు నాలుగు వేళ్ళు దించండి, చల్లబడగానే ఎక్కించండి. నూలు మాత్రం ఒంటికి తగలకూడదు. మన ఎండల్లో నూలును వరమంటాం, ఎందుకంటే అది చెమట పీల్చి నెమ్మదిగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. సరిగ్గా ఆ గుణమే ఇక్కడ మనకు పనికిరానిది. మంగళగిరి డ్రెస్సులు ఆఫీసులోకి వెళ్ళాక నిక్షేపంగా వేసుకోవచ్చు. జీన్స్ కూడా నూలే కదా, అంచులు తడిసి గడ్డకట్టి రేకుముక్కల్లా ఒకదానికొకటి తగులుతూ చప్పుడు చేయడం ఒక్కసారి విన్నారంటే మళ్ళీ వాటితో బయల్దేరరు. మామూలు ప్యాంటు కింద ఉన్ని లెగ్గింగ్స్ వేసుకుంటే ఈ ఊళ్ళో ఎక్కువ రోజులు గడిచిపోతాయి.

ఇక జారడం సంగతి. దీనికి మన భాష కూడా కొంత కారణమేమోనని నాకు అనుమానం. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, సంక్రాంతి ముందు రోడ్డు కనబడకుండా కమ్ముకునేదీ మంచే, ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలేదీ మంచే, నీళ్ళు గడ్డకడితే అదీ మంచుగడ్డే. తెనాలిలో ఆ ఒక్క మాట అన్నిటికీ సరిపోయింది. ఇక్కడ మాత్రం కాలి కింద ఉన్నది ఏ మంచో విడివిడిగా గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

అప్పుడే కురిసిన పొడిమంచు మనకు మిత్రుడే. అడుగు వేస్తే గల్లుప్పు బస్తా మీద నడిచినట్టు కరకరలాడుతుంది, చలి ముదిరేకొద్దీ ఆ చప్పుడు పెరుగుతుంది, కాలికి పట్టు దొరుకుతుంది. అదే మంచును నలుగురు తొక్కి, రెండు రోజులు ఎండా రాత్రీ తగిలాక నున్నని గచ్చులా మారుతుంది, దాని మీద జాగ్రత్తపడాలి. రోడ్డు మీద ఉప్పు చల్లాక కరిగి, బురదరంగులో ముద్దముద్దగా ఉండే నీటిమంచు ఇంకొకటి. మలుపుల్లో కాలిబాట అంచున అది బెత్తెడు లోతే ఉన్నట్టు కనబడి, అడుగు వేశాక చీలమండ దాకా దిగుతుంది. వీటన్నిటికంటే చెడ్డది మీరు జారింది, దాన్ని ఇక్కడ బ్లాక్ ఐస్ అంటారు. పేరుకు నల్లదే గానీ దానికి రంగే లేదు. గాజురేకంత పల్చగా, పారదర్శకంగా ఉండి, కింద రోడ్డు రంగునే చూపిస్తుంది. కాబట్టి గుర్తు ఒక్కటే: ఉష్ణోగ్రత సున్నా కంటే, అంటే ఇక్కడి లెక్కలో 32 కంటే కింద ఉండి కూడా రోడ్డు తడిగా మెరుస్తోందంటే, అది తడి కాదని అనుకుని అడుగు వేయండి.

మీరు వంతెన మీదే పడడం వింతేమీ కాదు. మామూలు కాలిబాటకు కింద నేల ఉంటుంది, ఆ నేలలో ఎంతో కొంత వేడి మిగిలి ఉంటుంది. వంతెనకు పైనా కిందా గాలే. అందుకే అన్నిటికంటే ముందు అదే గడ్డకడుతుంది. పైగా ఫ్రీవే ఉన్న పల్లం నుంచి వచ్చే ఈడ్పుగాలికి అడ్డమేమీ ఉండదు. ఆ నూరడుగులూ కమ్మీ పక్కన, చేయి అందేటంత దూరంలో నడవండి. అటువంటి చోట్లు ఇంకా ఉన్నాయి: మేడ మీది నీళ్ళు దిగే గొట్టాల నోళ్ళు, పార్కింగ్ గ్యారేజీల ముందరి వాలు, రోజంతా ఎండ తగలని ఉత్తరం వైపు గోడల నీడ. మీ దారిలో అలాంటివి ఎన్ని ఉన్నాయో ఒక ఆదివారం పగటిపూట తీరిగ్గా నడిచి లెక్కపెట్టుకోండి. నా లెక్క ప్రకారం పది కూడా ఉండవు, అవి తెలిస్తే మిగతా దారంతా నిర్భయంగా నడవవచ్చు.

ఇంకో మాట, ఇది మొదట్లో నాకూ నమ్మశక్యం కాలేదు: ఎముకలు కొరికే రోజుకంటే, ‘ఇవాళ కాస్త నయమే’ అనిపించే రోజే జారుడు విషయంలో ప్రమాదకరం. సున్నాకు దగ్గర్లో ఉన్న గడ్డ మీద నీటిపొర నిలిచి కాలు నిలవనివ్వదు. చలి బాగా ముదిరిన గడ్డ అంతకంటే గరుకుగా ఉంటుంది. కాకపోతే ఆ ముదురు చలిలో మరో తంటా ఉంది. రోడ్ల మీద చల్లే ఉప్పు సుమారు 15 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సున్నాకు కింద 9 సెల్సియస్ దాకానే సరిగ్గా పనిచేస్తుంది. అంతకు దిగితే గడ్డ కరగదు కాబట్టి ఇసుక చల్లుతారు, ఆ ఇసుక చారలు కనబడితే వాటి మీదే నడవండి.

ఊరి నిబంధనలు కూడా తెలిసి ఉంటే దారి ఎంచుకోవడం తేలికవుతుంది. మినియాపొలిస్‌లో కాలిబాట మీది మంచును ఆ ఇంటివాళ్ళే తీయాలి. మంచు ఆగిన తరువాత విడి ఇళ్ళకు 24 గంటల గడువు, అపార్ట్‌మెంట్లకూ దుకాణాలకూ పగటిపూట నాలుగు గంటలు మాత్రమే. కనుక మంచు పడిన మర్నాడు ఇళ్ళున్న వీధులకంటే దుకాణాలున్న నికొలెట్టే మీకు నయం, దాని మీద కూడా ఏ పక్క శుభ్రంగా ఉంటే ఆ పక్కకు మారండి. ఎవరైనా రోజుల తరబడి తీయకపోతే నగరపాలక సంస్థ ఫోను నంబరు 311కు చెప్పవచ్చు, అది చాడీ చెప్పడం కిందికి రాదు, చక్రాల కుర్చీలో వెళ్ళేవారికి మీరు చేసే సాయం. మలుపుల్లో మంచుబండి నెట్టిపోయిన గట్లు మాత్రం ఎవరి వంతూ కానట్టు మిగిలిపోతుంటాయి, వాటిని ఎక్కి దూకకుండా చుట్టూ తిరిగి వెళ్ళండి.

నడిచే తీరు గురించి ఇక్కడివాళ్ళు పెంగ్విన్‌లా నడవమని చెబుతారు. మీకు పెంగ్విన్‌తో పనిలేదు, వానాకాలంలో వరిచేల గట్ల మీద నడిచిన ఊరు మీది. ఒండ్రుమట్టి గట్టు మీద మనం ఏం చేస్తాం? మోకాళ్ళు కాస్త వంచి, పాదం మొత్తం ఒకేసారి ఆనించి, చిన్నచిన్న అడుగులు వేస్తూ, ముందు వేసిన కాలు నిలిచిందని తెలిశాకే ఒంటి బరువు దాని మీదికి తెస్తాం. అదే ఇక్కడా చేయాలి. మడమ ముందు ఆనించి నడిచే పట్నం నడక మంచుకు పనికిరాదు. చేతులు జేబుల్లో ఉండకూడదు, తూకం నిలబెట్టేవి అవే. ఒక భుజానికి వేలాడే హ్యాండ్‌బ్యాగ్ బదులు వీపుకు తగిలించుకునే సంచీ వాడండి. చేతిలో కాఫీ, చెవి దగ్గర ఫోను రెండూ వద్దు, అమ్మతో ఆఫీసు చేరాక మాట్లాడుకోవచ్చు.

ఎంత చేసినా ఏడాదికి ఒకటి రెండుసార్లు పడతాం. పడేటప్పుడు చేయి చాచి ఆపుకోవాలని ఒళ్ళు దానంతటదే అనుకుంటుంది, మణికట్టు విరిగేది సరిగ్గా అందుకే. ఎముక అలా విరిగే తీరును 1814లో డబ్లిన్ వైద్యుడు ఏబ్రహామ్ కాలిస్ వివరించాడు, ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. కాలు జారిందని తెలిసిన క్షణంలో నిలదొక్కుకోవాలని పెనుగులాడకుండా మోకాళ్ళు వంచి, పక్కకు, కండ ఉన్న తుంటి మీదికి కూలబడండి, వెనక్కి పడుతుంటే గడ్డాన్ని ఛాతీకి ఆనించండి. ఇంట్లో పరుపు మీద పది పన్నెండుసార్లు పడి చూస్తే నవ్వొస్తుంది గానీ ఒంటికి ఆ అలవాటు కొంతైనా పడుతుంది. మీ మోచేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేకపోతున్నా, వాపు తగ్గకపోయినా దోక్కుపోయిందేలే అని ఊరుకోకుండా ఎక్స్‌రే తీయించుకోండి. తల తగిలేలా పడినప్పుడు తలనొప్పి పెరిగినా, వాంతి వచ్చినా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

మీరు పెట్టే డబ్బులో సింహభాగం బూట్లకు పోవాలి, జాకెట్‌కు కాదు. మొదటి ఏడాది నేను ఒక దుకాణంలో అద్దంలా మెరిసే బూట్లు చూసి మురిసి కొన్నాను. లోపల బొచ్చు, పైన తోలు, కింద మాత్రం చెక్కపలకలాంటి అడుగు. వారం తిరక్కుండానే అపార్ట్‌మెంట్ గేటు ముందు రెండు చేతుల్లో సరుకుల సంచులతో వెల్లకిలా పడ్డాను. డజను గుడ్లలో మూడు మిగిలాయి. వెచ్చదనం వేరు, పట్టు వేరు అని ఆ రోజు తెలిసింది. కొనేటప్పుడు అడుగుభాగాన్ని బొటనవేలి గోటితో నొక్కి చూడండి, గోరు కాస్త దిగేంత మెత్తని రబ్బరైతే చలిలో కూడా గట్టిపడకుండా నేలను పట్టుకుంటుంది. టొరంటోలో ఒక పరిశోధనశాలలో గదిని వాలుగా వంచి, నేలను మంచుగడ్డగా మార్చి, మనుషుల్ని నడిపించి బూట్లను పరీక్షిస్తారు. ఏడు డిగ్రీల వాలును జారకుండా ఎక్కి దిగగలిగితే ఒక మంచుపువ్వు గుర్తు, అంతకంటే వాలుకు రెండు, మూడు ఇస్తారు. 2016లో ఆ ఫలితాలు మొదటిసారి బయటపెట్టినప్పుడు చాలా బూట్లు ఆ మొదటి పువ్వునే అందుకోలేకపోయాయి. ‘రేట్ మై ట్రెడ్స్’ అనే వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆ పట్టిక ఉచితంగా దొరుకుతుంది. దుకాణంవాళ్ళ మాటకంటే దాన్ని నమ్మండి.

బ్లాక్ ఐస్ ఉన్న రోజులకు బూట్లకు తొడిగే రబ్బరు పట్టీలు దొరుకుతాయి. అడుగున చిన్న ఉక్కు ములుకులో తీగచుట్టలో ఉంటాయి, యాక్‌ట్రాక్స్ వాటిలో పేరున్నది. వాటిని ఆఫీసు తలుపు దగ్గరే విప్పేయాలి, గ్రానైట్ నేల మీద అవి మంచుకంటే ఘోరంగా జారతాయి. ఆఫీసు చెప్పులు డెస్కు కిందే ఉంచుకోండి. సాయంత్రం ఇంటికొచ్చాక బూట్లలో పాత కాగితాలు కుక్కి పెడితే పొద్దుటికి తడి పీల్చేస్తాయి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే అలవాటును మీకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు, ఈ రాష్ట్రంలో ఇళ్ళల్లోనూ అదే ఆచారం.

బూటు మీ కొలతకంటే అర నంబరు పెద్దది కొని, లోపల ఒకటే మందపాటి ఉన్ని మేజోడు వేసుకోండి. రెండు జతలు బిగించి వేసుకుంటే రక్తం ఆడక వేళ్ళు ఇంకా త్వరగా చల్లబడతాయి. మెట్టెలకు వర్తించేదీ అదే సూత్రం. బూటులో వేలిని నొక్కే ఏ చుట్టైనా రక్తానికి అడ్డమే, లోహం కాబట్టి వేడిని కూడా లాగుతుంది. నడిచే రోజుల్లో వాటిని తీసి చిన్న డబ్బాలో వేసి సంచీలో పెట్టుకుని, ఆఫీసు చెప్పులు వేసుకునేటప్పుడు మళ్ళీ పెట్టుకోండి. అత్తగారితో దాచవలసిన అవసరం కూడా నాకు కనబడదు. వేలికి రక్తం ఆగిపోతోందని ఉన్న మాట చెప్పండి, కోడలి కాలివేలు పోయినా ఫరవాలేదనే అత్తగారిని నేనింతవరకూ చూడలేదు. టోపీ బయటికి వేలాడే లోహపు జూకాలు కూడా చలి బాగా ఉన్న రోజుల్లో వద్దు, చెవితమ్మె త్వరగా దెబ్బతినే చోటు.

మంకీ క్యాప్ విషయంలో పూర్తి మార్కులు మీ అమ్మగారివే. మనం చిన్నప్పుడు నవ్వుకున్న ఆ టోపీనే ఇక్కడ బాలాక్లావా అని పేరు పెట్టి మంచి ధరకు అమ్ముతారు. క్రిమియా యుద్ధంలో భాగంగా 1854లో ఒక పోరు జరిగిన ఊరు పేరది, అక్కడ చలికి వణికిన బ్రిటిష్ సైనికుల కోసం ఇళ్ళ నుంచి అల్లి పంపిన టోపీల వల్ల ఆ పేరు వచ్చిందంటారు. ముక్కు, బుగ్గలు, చెవులు, గడ్డం కప్పడానికి అంతకుమించినది లేదు. కళ్ళజోడు ఉంటే దానికి ఆవిరి పట్టకుండా టోపీ అంచును ముక్కు కిందికి ఉంచండి. చేతులకు అయిదు వేళ్ళ గ్లవ్స్ కంటే, నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండే మిటెన్స్ వెచ్చన. మీ వేళ్ళు మొద్దుబారడానికి సగం కారణం అదే అయి ఉంటుంది. మొహానికి నూనె రాసుకుంటే చలి పట్టదని పెద్దలు చెప్పే మాట మాత్రం ఇక్కడ నమ్మవద్దు. మీ ఇంట్లో అలమరాలో కొబ్బరినూనె రాయిలా గడ్డకట్టి ఉండడం చూసే ఉంటారు. పగుళ్ళకు అది పనిచేస్తుంది, చర్మం గడ్డకట్టకుండా ఆపలేదు.

ఇప్పుడు బస్సెక్కవలసిన రోజుల సంగతి. రాత్రి వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రత ఒక్కటే కాకుండా విండ్ చిల్ కూడా చూడండి. గాలి ఒంటి మీది వేడిని ఎంత వేగంగా ఊడ్చుకుపోతుందో చెప్పే అంకె అది. ఇప్పుడు వాడే సూత్రాన్ని అమెరికా, కెనడా కలిసి 2001లో తెచ్చాయి. ఉష్ణోగ్రత సున్నా ఫారన్‌హీట్ (సుమారు మైనస్ 18 సెల్సియస్) ఉన్న రోజున గంటకు 15 మైళ్ళ గాలి వీస్తే విండ్ చిల్ మైనస్ 19 ఫారన్‌హీట్ అవుతుంది, ఆ స్థితిలో కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టగలదు. మంచులో మీ నడక కూడా అరగంట పైనే కాబట్టి, నా మట్టుకు నేను మీకు గీసే గీత అక్కడే: విండ్ చిల్ మైనస్ 20 ఫారన్‌హీట్‌కు దిగితే బస్సు. ‘ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్’ ప్రకటిస్తే చర్చే లేదు. 2019 జనవరి 30న ఈ ఊళ్ళో ఉష్ణోగ్రతే మైనస్ 28 ఫారన్‌హీట్‌కు, అంటే మైనస్ 33 సెల్సియస్‌కు పడిపోయింది. వానకూ ఎండకూ ఆగని పోస్టల్ శాఖ కూడా ఆ రోజు మినెసోటాలో ఉత్తరాల బట్వాడా ఆపేసింది.

చలికంటే ముందు మానవలసింది మాత్రం, వానలా కురిసి నేల తాకగానే గడ్డకట్టే ఫ్రీజింగ్ రెయిన్ పడిన పొద్దు. అప్పుడు ఉష్ణోగ్రత హాయిగానే ఉంటుంది, ఊరంతా గాజుపలక మీద ఉంటుంది. ఆ రోజు ఇంటి నుంచి పనిచేస్తానని మేనేజరుకు రాసెయ్యండి, మినెసోటాలో ఆ మాటకు ఎవరూ కారణం అడగరు.

బస్సు కోసం వేచి ఉండడం కూడా చలే అని మరచిపోకండి. ఒంట్లో వేడి పుట్టించే నడక ఆగిపోయి, పన్నెండు నిమిషాలు స్టాపులో కొయ్యలా నిలబడితే పాతిక నిమిషాలు నడిచినదానికంటే ఎక్కువ చలి పడుతుంది. బస్సు ఎక్కడుందో ఫోనులో చూసుకుని రెండు నిమిషాల ముందు మాత్రమే ఇల్లు కదలండి, ఆ రోజు నడిమి పొర మందంగా వేసుకోండి. ఫోను లోపలి జేబులో ఒంటికి దగ్గరగా ఉంచకపోతే, సగం ఛార్జింగ్ చూపిస్తూనే చటుక్కున ఆరిపోతుంది.

మధ్యస్థమైన రోజులకు ఒక మధ్యేమార్గం ఉంది. వంతెన దాటాక కుడివైపు కొన్ని వీధులు నడిచి కన్వెన్షన్ సెంటర్‌లోకి వెళ్తే అక్కడి నుంచి స్కైవే అందుతుంది. 1962లో మొదలైన ఈ గాజువంతెనల దారి డౌన్‌టౌన్ భవనాలను రెండో అంతస్తులో కలుపుకుంటూ ఇప్పుడు సుమారు 15 కిలోమీటర్లకు పెరిగింది. నడక తగ్గదు, చలి తగ్గుతుంది. లోపలికి అడుగుపెట్టగానే జాకెట్ పూర్తిగా తెరవండి, లేకపోతే చెమట కథ మళ్ళీ మొదటికొస్తుంది. స్కైవే రాత్రిళ్ళూ సెలవుల్లోనూ మూసేస్తారు కనుక ఆలస్యంగా ఇంటికెళ్ళే రోజున దాని మీద ఆధారపడవద్దు.

చలికి చర్మం దెబ్బతిందని ఎలా తెలుస్తుందో కూడా తెలుసుకుని ఉండాలి. మొదట చురుకుమంటుంది, తరువాత నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ తగ్గడమే ప్రమాదం. ఇక్కడి పోస్టర్లలో ఎర్రబడ్డ బుగ్గలు చూపిస్తారు గానీ మన చాయలో ఆ ఎరుపు కనబడదు. చోటు బూడిదరంగుగా, పాలిపోయి, మైనంలా నున్నగా ఉందేమో అద్దంలో చూసుకోండి. అలా ఉంటే రుద్దవద్దు, హీటరు ముందు కాచవద్దు, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి, స్పర్శ తిరిగి రాకపోయినా పొక్కులు లేచినా ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా వేళ్ళు తెల్లబడి మొద్దుబారుతున్నాయంటే అది వాతావరణం తప్పు కాకపోవచ్చు, వైద్యులకు ఆ సంగతి చెప్పి రక్తహీనతకూ థైరాయిడ్‌కూ పరీక్ష చేయించుకోండి.

పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దుండదని మన సామెత. ఇక్కడ డిసెంబరు మూడోవారంలో సూర్యుడు పావుతక్కువ ఎనిమిదికి వచ్చి నాలుగున్నరకే వెళ్ళిపోతాడు కనుక సాయంత్రం నడక అంతా చీకట్లోనే. మీ జాకెట్ నలుపో నీలమో అయి ఉంటుంది. వీపు సంచీకీ మోచేతులకూ వెలుతురు పడితే మెరిసే పట్టీలు అతికించండి. మలుపులో మంచుగట్టు వెనక నుంచి మీరు ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తే డ్రైవరుకు కనబడరు, కనబడినా బ్రేకు వేసిన చోట కారు ఆగదు. సిగ్నల్ మీదైనా కారు నిలిచిందని చూశాకే అడుగు వేయండి.

చివరగా కాలపరిమితి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మీ అమ్మగారు ఫోనులో ధైర్యం చెబుతారు, నాకూ మా అమ్మ చెప్పింది. ఇక్కడ ఆ లెక్క చెల్లదు. శివరాత్రి వచ్చే ఫిబ్రవరి, మార్చి రోజుల్లో పగలు కరిగి రాత్రి గడ్డకట్టడం మొదలై, పొద్దుటి నడకకు ఏడాది మొత్తంలోకెల్లా జారుడు ఎక్కువయ్యేది అప్పుడే. ములుకుల పట్టీలు జనవరిలో కంటే అప్పుడే ఎక్కువ అక్కరకొస్తాయి. 2018లో ఏప్రిల్ నెల నడిమధ్యలో మంచుతుఫాను వచ్చి దాదాపు పదిహేను అంగుళాలు కురిసింది. అప్పటికే నేను బూట్లు పెట్టెలో కట్టి స్టోర్‌రూంలో వెనక్కి తోసేశాను. మీరు మాత్రం మే నెల వచ్చేదాకా వాటిని గుమ్మం దగ్గర నుంచి కదపకండి.